సమాధానం: డెంగీ అంచనా ప్రతి వారం తగ్గుతున్నట్టే ఎందుకు చూపిస్తోంది?

మీ మోడల్ (కేసుల షీట్ చూసి వచ్చే వారం అంచనా కట్టే లెక్క) తప్పడం లేదు, చివరి రెండు వారాల కేసులు మీ షీట్‌లోకి ఇంకా పూర్తిగా చేరలేదు. అమలాపురం చుట్టుపక్కల డెంగీ "వచ్చే వారం తగ్గుతుంది" అని మోడల్ ప్రతిసారీ చూపించి, తీరా చూస్తే కేసులు పెరగడానికి కారణం ఇదే అయ్యుండాలి. సోమవారం జ్వరం మొదలైన మనిషి రెండు మూడు రోజులు ఆర్‌ఎంపీ దగ్గర మందులు వాడి, ఆ తర్వాతే టెస్టుకి వెళ్తాడు. పేరు జాబితాలోకి ఎక్కేసరికి వారం దాటొచ్చు.

1. రిపోర్టు తేదీ కాదు, జ్వరం మొదలైన తేదీతో లెక్కేయండి.

2. అందరూ వదిలేసేది ఇది: ప్రతి సోమవారం షీట్‌ని వేరే కాపీగా దాచండి. పాతదాని మీదే సేవ్ చేస్తే ఏ కేసు ఎంత ఆలస్యంగా వచ్చిందో తెలిసే దారే ఉండదు. కాపీలు పోల్చి చూస్తే, ఒక వారం కేసుల్లో మొదటి సోమవారానికి ఎంత వంతు చేరుతోందో తేలుతుంది. సగమే చేరుతోందనుకోండి, ఇప్పుడు కనిపించే 40ని 80గా తీసుకోవాలి. లంక గ్రామాలకు ఈ వంతు విడిగా కట్టండి. వరదల్లో పడవ దాటి రావాలి, ఆలస్యం వేరుగా ఉంటుంది.

3. పాత కాపీలు లేవా? ప్రస్తుతానికి చివరి రెండు వారాలు తీసేసి నడపండి.

కేసుల్ని జనాభాతో పోల్చి లెక్కేస్తుంటే, ఆ జనాభా అంకె కూడా చూసుకోండి. కోనసీమ జిల్లా 2022లో ఏర్పడింది, 2011 జనాభా లెక్కల్లో ఆ పేరుతో దొరకదు. మండలాల అంకెలు కూడాలి.

సరిచేసేదాకా ఆ గ్రాఫ్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, దయచేసి. తగ్గుతోందని నమ్మి జనం దోమతెరలు తీసేస్తారు.