బాణం గుర్తు తర్వాత పెట్టు

అమ్మా,

ఆన్‌లైన్ పాథాలజీ క్లాసులు ఇక నువ్వే చూసుకోవాలన్నారటగా. టెన్షన్ పడకు. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను: జబ్బు ఎక్కడుందో బాణం గుర్తు పెట్టిన ఫొటోతో క్లాసు మొదలుపెట్టకు. వెతికే పని నువ్వే చేసేస్తే పిల్లలకు మిగిలేది పేరు బట్టీపట్టడమే.

కణజాలం ముక్క ఉన్న గాజు స్లైడ్ మొత్తాన్ని స్కానర్‌తో తీసిన డిజిటల్ ఫొటో వాళ్ల చేతికివ్వు. సిరోసిస్ (మచ్చలు పడి గట్టిబడిన) లివర్‌నే తీసుకో. తక్కువ పవర్‌లో చూస్తే గుండ్రటి ముద్దలు, వాటి చుట్టూ ఫైబ్రస్ పట్టీలు ఇట్టే కనిపిస్తాయి. నేరుగా 40ఎక్స్‌కి (40 రెట్ల లెన్స్‌కి) దూకినవాడికి ఒక్కోసారి మామూలు లివర్ కణాలే కనబడి, జబ్బేమీ లేదంటాడు. అందుకే "ఇది ఏ అవయవం? తేడా ఎక్కడుంది?" అని అడిగి ఊరుకో. అవతల ఎవరూ మాట్లాడరు, నీకే ఇబ్బందిగా ఉంటుంది. అయినా జవాబు చెప్పేయకు. పక్కనే మామూలు లివర్ స్లైడ్ ఒకటి తెరిచి పెట్టు. బాణాలు ఆ తర్వాత.

ఫైల్ సైజు చూసి కంగారుపడతావేమో. 40ఎక్స్ స్కాన్‌లో ఒక పిక్సెల్ సుమారు 0.25 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), పొడవు వెడల్పులు 15 మిల్లీమీటర్లున్న ముక్కకు అటు 60,000, ఇటు 60,000 పిక్సెళ్లు. దాన్ని డౌన్‌లోడ్ చేసుకోమంటే గొడవే. లింక్ ఇవ్వు, స్లైడ్ చూపే వ్యూయర్ సాఫ్ట్‌వేర్ తెర మీదున్న భాగం వరకే తెచ్చుకుంటుంది, ఫోన్‌లోనూ నడుస్తుంది. హెచ్ అండ్ ఇ (గులాబీ, ఊదా రంగులేసే మామూలు స్టెయిన్) స్లైడ్లకు చాలావరకు 20ఎక్స్ చాలు. నువ్వు గుర్తులు పెట్టుకోవడానికి క్యూపాత్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

స్లైడ్ లేబుల్ ఫొటో చాలాసార్లు ఆ ఫైల్లోనే దాగి ఉంటుంది. ఫైల్ పేరు మార్చినంత మాత్రాన రోగి పేరు, ల్యాబ్ నంబర్ పోవు. అప్‌లోడ్ చేసే ముందు లేబుల్ తీసేశావో లేదో తెరిచి చూడు. ఈ విషయంలో ఎవరి మాటా నమ్మకు, నాది కూడా.

అన్నిటికీ స్కానే పనికిరాదులే. మందంగా ఉన్న సైటాలజీ స్మియర్‌ను (గాజు మీద పూసిన విడి కణాలను) ఒకే ఫోకస్‌లో స్కాన్ చేస్తే సగం కణాలు మసకబారతాయి. మలేరియా పరాన్నజీవికి 100ఎక్స్ ఆయిల్ లెన్స్‌తో తీసిన ఫొటోలే నయం. వాటి మీద స్కేల్ బార్ (అసలు కొలత చెప్పే గీత) ఉంచు. ఫోన్ తెర మీద, పెద్ద మానిటర్ మీద ఒకే ఫొటో వేర్వేరు సైజుల్లో కనిపిస్తుంది కదా.

పరీక్షలో మాత్రం క్లాసులో చూపిన స్లైడే ఇవ్వకు. ముక్క ఆకారం, రంగు చూసే చెప్పేస్తారు, గడుగ్గాయిలు! అదే జబ్బు, వేరే రోగిది ఇవ్వు.