కట్టాడా, కట్టించాడా?

అమ్మాయ్,

నీ కథ అందింది. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపావు, ఆ ఫోన్‌లో అక్షరాలు నా కళ్ళకి ఆనవు, అందుకని బ్రాడీపేట నాలుగో లైన్లో జిరాక్స్ షాపుకెళ్ళి ప్రింట్ తీయించుకున్నా. ఇరవై రెండు పేజీలు. భాష బాగుంది, చదివిస్తుంది. సరే, ఇంక అసలు సంగతికొస్తా.

మొదటి లైనుకే నాకు ఒళ్ళు మండింది. "మా ముత్తాత తన చేతుల్తో కట్టిన మండువా ఇల్లు ఇది" అన్నావు. ఆయన వంద ఎకరాల ఆసామి అని రెండో పేజీలో నువ్వే రాశావు కదా. ఆ చేతులు ఎప్పుడైనా తాపీ పట్టాయా? గానుగలో సున్నం ఆడించడానికి ఎద్దుల వెనక తిరిగాయా? బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి గచ్చు నునుపు తేల్చాయా? బర్మా టేకు దూలాలు బందరు కాలవలో పడవ మీద వచ్చాయని గొప్పగా రాశావు, మరి కాలవ గట్టు మీద నుంచి మీ వాకిట్లోకి వాటిని ఎవరు లాక్కొచ్చారమ్మా?

తెలుగులో కట్టాడు వేరు, కట్టించాడు వేరు. మధ్యలో 'ఇంచు' అని చిన్న ముక్క ఉంటుంది చూడు, అందులోనే ఉన్నారు అందరూ, తాపీమేస్త్రి, వడ్రంగి, గూనపెంకులు కాల్చిన కుమ్మరి, పరుపులకి దూది ఏకిన సాయిబు, మట్టితట్టలు మోసిన ఆడవాళ్ళు. నువ్వు ఆ ముక్క పీకేశావంటే వాళ్ళందర్నీ మెడబట్టి బయటికి గెంటేసినట్టే. నాకిది పిచ్చి అంటారు మా ఇంట్లో. అనుకోనీ. పొద్దున్నే పేపర్లో ఎక్కడ 'ఫలానా ఆయన కట్టిన' అని కనపడినా ఎర్రపెన్నుతో దిద్దందే నాకు కాఫీ దిగదు.

కృష్ణ మీద పాత ఆనకట్ట సంగతే తీసుకో. 1852లో మొదలెట్టి 1855కి పూర్తి చేశారు. కాటన్ దొర కట్టాడంటారు జనం, కాస్త చదివినవాళ్ళు కాదు కాదు, దగ్గరుండి చూసింది కెప్టెన్ ఓర్ అని సరిచేస్తారు. ఇద్దర్లో ఎవరూ తట్ట నెత్తినెట్టుకోలేదు. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1832-33లో డొక్కల కరువు గుంటూరు సీమని ఊడ్చిపెట్టింది, అందులో బతికి బట్టకట్టిన వాళ్ళ పిల్లలే ఆ రాళ్ళు మోసి ఉంటారని నా నమ్మకం.

ఆ ఆనకట్టకి 1952లో గండి పడింది, 1954 నుంచి 1957 దాకా ప్రకాశం బ్యారేజీ పని నడిచింది, అక్కడ మా అమ్మ కంకర కొట్టింది. మేం వడ్డెరోళ్ళం. సీతానగరం వైపు చెట్టుకి చీర ఉయ్యాల కట్టి నన్ను అందులో పడేసి పనికెళ్ళేదంట. సుత్తి దెబ్బకి ఆవిడ ఎడమచేతి చూపుడువేలి గోరు నిలువునా చీలింది, మళ్ళీ సరిగ్గా రానేలేదు, చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటుంటే ఆ చీలికలో దారం తగులుకునేది, పళ్ళతో కొరికి తీసుకునేది. పెద్దయ్యాక బస్సులో బ్యారేజీ దాటినప్పుడల్లా నేను 70 గేట్లూ చూపించి ఏదో చెప్పబోతే ఆవిడ అనేది ఒక్కటే, "కూలి శనివారం ఇచ్చేవోళ్ళురా" అని.

ఇదే 1986లో కథగా రాసి ఒక వారపత్రికకి పంపా. ఎడిటర్ గారు తిప్పి పంపుతూ, ఇది డాక్యుమెంటరీలా ఉంది, బ్యారేజీ మీద ప్రేమకథ ఏమైనా ఉంటే పంపండి అని కార్డు ముక్క రాశాడు. నాలుగేళ్ళు పెన్ను ముట్టుకోలేదు నేను. ఇప్పుడేమో 'మూలాలు' అని కొత్త ఫ్యాషన్ మొదలైంది, ఎవరి కథ చూసినా మండువా, పనసచెట్టు, నానమ్మ ఆవకాయ జాడీ. ఆ కారం ఎవరు దంచారో ఒక్కడు రాయడు! పోనీలే, ఆ గోల ఎత్తితే నాకు బీపీ.

అమరావతి గురించి కూడా ఒక పేరా రాశావు, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టాడని. ఆయన చింతపల్లి నుంచి మకాం మార్చి ఊరు లేపించాడు, నిజమే. ఆ ఊరి కోసం పక్కనున్న దిబ్బ తవ్వి ఇటుకలూ రాళ్ళూ పట్టుకుపోయారు, ఆ దిబ్బ బౌద్ధ స్తూపమని తర్వాత తెలిసింది, 1790ల చివర్లో సర్వే పని చేసే మెకంజీ దొర వచ్చి చూశాడు. ఆ రాళ్ళ మీద ఏముందో తెలుసా? పేర్లు. చెప్పులు కుట్టే విధికుడు, నాగ ఉపాధ్యాయుడి కొడుకు, తల్లీ పెళ్ళాం అన్నదమ్ములూ పిల్లలూ చుట్టాలూ స్నేహితులతో కలిసి పూర్ణఘటం, అంటే నిండు కుండ, చెక్కిన పలక ఇచ్చాడని ప్రాకృతంలో చెక్కి ఉంది. మన రాష్ట్రం చిహ్నంలో ఉండేది అలాంటి పూర్ణఘటమే. శాతవాహనుల నాటి రాయికి చెప్పులు కుట్టేవాడి పేరు గుర్తుంది. మీ ఇంట్లో ఒక్క మేస్త్రి పేరు లేదు.

ఇంత తిట్టానని ఏడవకు. ఏడో పేజీలో ఒక వాక్యం ఉంది, "పెరటి చూరులో దోపిన సత్తు గ్లాసు" అని. అక్కడ ప్రింట్ పక్కనపెట్టి కాసేపు బయట తిరిగొచ్చా. పాలేరుకి పైనుంచి మజ్జిగ పోసే గ్లాసది. తాగి కడిగేది ఆయనే, మళ్ళీ చూరులో పెట్టేది ఆయనే, ఇంట్లోవాళ్ళు ముట్టుకోరు. అది నీకూ తెలుసు, తెలిసే రాశావు, రాసి భయమేసి ముత్తాత పడక్కుర్చీ మీదకి దూకేశావు. తర్వాత మూడు పేజీలు పడక్కుర్చీయే! ఆ గ్లాసు దగ్గరే ఆగాల్సింది.

పోటీకి పంపనా, పుస్తకం సొంత డబ్బుతో వేసుకోనా, కలంపేరు పెట్టుకోనా అని అడిగావు. ముందు ఊరెళ్ళు. అటక మీద ముత్తాత చిట్టా పుస్తకాలున్నాయన్నావుగా, దులిపి చూడు, కూలి ఎవరికి ఎంతిచ్చాడో పేరుతో సహా రాసుకునే ఉంటాడు, ఆసాములు అక్కడ మాత్రం మర్చిపోరు. నిచ్చెనేసుకుని దూలాల అతుకుల దగ్గర టార్చి కొట్టు, ఏ ముక్క దేంట్లో దిగాలో గుర్తు కోసం వడ్రంగి ఉలితో కొట్టుకున్న గీతలు కనపడతాయేమో. పాలేరు తాలూకు వాళ్ళు ఊళ్ళో ఉంటే వెళ్ళి కూర్చో, వాళ్ళింట్లో మంచినీళ్ళు అడిగి తాగు.

గ్లాసు ఇంకా చూరులోనే ఉంటే తీసి అడుగున చూడు. మనవాళ్ళు చెంచా కొన్నా పేరు కొట్టించందే ఇంటికి తేరు కదా, దాని మీద ఎవరి పేరుందో నాకు రాయి.