బాటమ్ 28

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి గబగబా, రెండోసారి పెన్సిలు చేతిలో పెట్టుకుని. నీ చెవి మంచిదమ్మా. అవ్వ మాట్లాడిన రెండు పేరాల్లో ‘అట్లనే ఉండాది’, ‘చెప్పేదానికి ఏముంది’ అనే మాటలు చదువుతుంటే మా వీధి అరుగు మీద కూర్చున్నట్టే ఉండింది.

ముందు తేదీల సంగతి చెప్పేస్తాను. నీ కథ జరిగేది 1972లో. అందులో అమ్మాయిలు చుక్కల ‘బాబీ’ జాకెట్లు వేసుకున్నారు. ఆ సినిమా వచ్చింది 1973లో. హీరో ఇంట్లో టీవీ పెట్టావు. మనకు దగ్గరున్న మద్రాసులోనే టీవీ కేంద్రం 1975 ఆగస్టు 15న మొదలైంది. ఒకచోట ‘తిరుపతి జిల్లా’ అన్నావు. 2022 దాకా మనది చిత్తూరు జిల్లానే. ఆ కాలంలో బతికినవాళ్లు ఇలాంటి ఒక్క తప్పు దగ్గర ఆగిపోయారంటే, తర్వాత నువ్వు ఎంత బాగా రాసినా నమ్మరు.

అసలు చెప్పాల్సింది రెండో పేజీ గురించి. బెల్ బాటమ్, కుక్క చెవుల కాలరు, చెంపల మీదికి దిగిన క్రాపు, ట్రాన్సిస్టర్‌లో రేడియో సిలోన్, వాణిశ్రీ కొప్పు, అన్నీ పెట్టావు. అన్నీ నిజమే. కానీ ఏవీ ఎవరి ఒంటి మీదా లేవు, అంగడిలో కొక్కేనికి తగిలించినట్టున్నాయి. వాటి కింద ‘ఆ రోజులే వేరు’ అని రాశావు. ఆ వాక్యం కొట్టేశాను.

మా నాయన టైలరు. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో, ఒక మిషను పట్టేంత అంగడి. బడి నుంచి వచ్చి నేను కాజాలు కుట్టేదాన్ని. కాబట్టి ఆ ప్యాంట్లు నాకు ఫొటోల్లో చూసి తెలిసినవి కావు. అంతకుముందు గొట్టం ప్యాంట్లకు బాటమ్, అంటే కాలి అంచు చుట్టుకొలత, 14 అంగుళాలుండేది. అది 22 అయింది, 24 అయింది, 26 దాటింది. ‘ఇంత గుడ్డ నేల ఊడ్చేదానికా అబ్బయ్యా?’ అని అడుగుతూనే నాయన సుద్దముక్కతో గీత గీసేవాడు. కుట్టనంటే గిరాకీ పక్క అంగడికి పోతుంది. అంచు నేలకు రాసుకుని పోగులు లేస్తుందని, చుట్టూ ఇత్తడి జిప్పు వేయించుకునేవాళ్లు కొందరు. వాళ్లు మెట్లెక్కుతుంటే గరగరమని చప్పుడయ్యేది. నాయన మిషను మీద నుంచి తలెత్తకుండానే వచ్చింది ఎవరో చెప్పేవాడు.

1977లో ‘అడవి రాముడు’ వచ్చేనాటికి ఎన్టీఆర్‌కు 50 దాటాయి. ఆ ఏడాది నడివయసు గుమాస్తాలు కూడా అంగడికొచ్చి, గొంతు తగ్గించి, ‘మరీ ఎక్కువొద్దు, 22 పెట్టు చాలు’ అనేవాళ్లు. ఆ గొంతు తగ్గించడం నీ కథలోకి రావాలి.

‘మెరిసే టెర్లిన్ చొక్కా’ అని రాశావు. దాన్ని అందరూ ఎందుకు కోరుకున్నారో రాయలేదు. ఉతికి ఆరేస్తే చూస్తుండగానే ఆరిపోయేది, ఇస్త్రీ పెద్దగా అక్కర్లేదు. రెండే జతలున్నవాడికి అంతకంటే ఏం కావాలి? కానీ మే నెల తిరుపతి ఎండలో అది చెమట పీల్చదు, వీపుకు అతుక్కుపోయేది. బీడీ నిప్పు పడితే నూలుగుడ్డ మాడి బూడిదవుతుంది. టెర్లిన్ కరిగి గుండ్రంగా బొక్క పడేది, అంచు పూసలా గట్టిపడేది. నాకు పదమూడేళ్లప్పుడు బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడి చూసుకోకుండా ఒక గిరాకీ చొక్కా మీద పెట్టేశాను. జేబు పెట్టెకు అంటుకుని లేచొచ్చింది. ఆ గుడ్డ డబ్బు కట్టేదానికి నాయన మూడు వారాలు రాత్రి పొద్దుపోయేదాకా కుట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. టెర్లిన్ అంటే నాకు ఇప్పటికీ ఆ కాలిన వాసనే.

నీ కథానాయిక బెల్ బాటమ్ వేసుకుని గాంధీ రోడ్డులో నడిచింది. నేనైతే ఆ రోజుల్లో అట్లా ఎవరినీ చూడలేదు. మాకు లంగా ఓణీ, తర్వాత చీర. మా ఫ్యాషనంతా జాకెట్టు చేతుల పొడవులో, మెడ కోతలో, సవరం పెట్టి చుట్టిన కొప్పులో ఉండేది. వాణిశ్రీ కొత్త సినిమా వస్తే నాయన దగ్గర జాకెట్టు కొలతలు మారేవి. నైలాన్ చీర మీద ఎంత మోజున్నా, కట్టుకుని పొయ్యి దగ్గరికి పోతే అవ్వ కేకలేసేది. నిప్పంటుకుంటే ఆ గుడ్డ ఒంటిని వదలదు. ఆ మోజూ ఆ భయమూ ఒకే ఇంట్లో ఉండేవి.

ఇంకొకటి. నీ కథ తిరుపతిలో జరిగినా గుంటూరులో జరిగినా ఒకటే అన్నట్టుంది. హిప్పీ జుట్టు అన్ని ఊళ్లలోనూ పెంచారు. కొండ కింద పెంచడం వేరు.

మా అన్న రెండేళ్లు పెంచాడు, చెవులు కనపడనంతగా. 1976లో అమ్మకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం దిగితే పెద్దకొడుకు తలనీలాలు ఇస్తాడని అవ్వ మొక్కుకుంది. అన్నను అడగలేదు. అమ్మ లేచి కూర్చున్న వారానికి అన్న అలిపిరి నుంచి నడిచి కొండెక్కాడు, కల్యాణకట్టలో కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడు గుండు మీద గంధం, కింద నాయన దీపావళికి కుట్టిన బెల్ బాటమ్. వీధిలో పిల్లకాయలు నవ్వారు. అన్న ఎవరితోనూ మాట్లాడకుండా పోయి అమ్మ మంచం పక్కన కూర్చున్నాడు. అమ్మ వాడి తల తడిమి ఏడ్చింది. మొక్కు తీరినందుకో, జుట్టు పోయినందుకో నాకు తెలియదు. ఇన్నేళ్లుగా రాస్తున్నాను, ఇది మాత్రం రాయలేకపోయాను.

తర్వాత ఆ మోజు పోయింది. 80 వచ్చేసరికి అవే ప్యాంట్లు పట్టుకొచ్చి బాటమ్ తగ్గించమన్నారు. కత్తిరించిన మూలముక్కలు అంగడిలో కుప్పపడేవి. అమ్మ వాటిని అతికి సంచులు కుట్టింది. నేను కాలేజీకి పుస్తకాలు మోసింది అలాంటి సంచిలోనే.

మీ తాతను ‘ఆ రోజులెట్లా ఉండేవి?’ అని అడగొద్దు. నువ్వు రాసిన ఆ వాక్యమే ఆయన నోట వస్తుంది. ఆ ప్యాంటు గుడ్డ ఎవరు కొనిచ్చారు, దానికోసం ఎన్ని నెలలు ఆగావు, మొదటిసారి వేసుకున్నప్పుడు ఇంట్లో ఎవరేమన్నారు, చివరికి అదేమైంది, ఇవి అడుగు. ఆయన చెప్పకుండా ఆగిపోయిన చోట తొందరపెట్టొద్దు, ఊరికే కూర్చో. పెట్టెలో పాత గుడ్డ ఏదైనా ఉంటే చేత్తో పట్టుకుని చూడు.

కథ ఈ ఉత్తరంతోనే తిప్పి పంపుతున్నాను. ఆదివారం పొద్దున ఇంటికి రా. నాయన కొలతల పుస్తకాలు మూడు నా దగ్గరున్నాయి. పెన్సిలు రాత చెరిగిపోతోంది, వెలుతురులో చూడాలి. 1975 దీపావళి పేజీలో అన్న కొలతలున్నాయి. నడుము 28, బాటమ్ కూడా 28.