మిరప ఎవరి చుట్టం?

సందేహం: మిరప, మిరియం పేర్లు దగ్గరగా ఉన్నాయి, రెండూ కారమే. మరి మా అమ్మాయి బోటనీ పుస్తకంలో మిరపని వంగతో కలిపి సోలనేసి కుటుంబంలో వేశారేం? 'మిర్చి' అనడం తప్పా? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: పుస్తకంలో ఉన్నదే నిజమమ్మా. మిరపపువ్వు ఒకటి కోసి చూడండి. తెల్లటి రేకులు, మామూలుగా ఐదు, అడుగున కలిసిపోయి ఉంటాయి, కేసరాలు వాటినే అంటుకుని ఉంటాయి. వంగపువ్వు ఊదారంగే గానీ కట్టుబడి అదే. కాయ ముదిరినా పువ్వు కింది పచ్చ గిన్నె రాలదు, వంకాయకి ముచ్చిక అంటామే, అదే. టమాటా, పొగాకు, ఉమ్మెత్త కూడా ఈ ఇంటివే. మిరియానికైతే రేకులే లేని చిన్న పూలు కంకికి పూస్తాయి, కాయకి ఒక్కటే గింజ. అది తమలపాకు, పిప్పళ్ళ కుటుంబం.

ఇక పేరు సంగతి. మిరియం సంస్కృత మరిచం నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. కొండవీడులో పెదకోమటి వేమారెడ్డి (1402–1420) దగ్గర విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు ఎంత భోజనప్రియుడైనా మిరపకాయ రుచి ఎరగడు. అమెరికా ఖండపు ఆ మొక్క 1498లో పోర్చుగీసు ఓడలు మన దేశానికి దారి కనుక్కున్నాకే ఇక్కడికి చేరింది. నోరు మండించిన కొత్త కాయకి మనవాళ్ళు తెలిసిన కారం పేరునే సాగదీశారని నా నమ్మకం. తమిళులు మిళగు నుంచి మిళగాయ్, కన్నడిగులు మెణసు నుంచి మెణసినకాయి అనలేదూ! అదే అమెరికా నుంచి వచ్చిన టమాటాని మాత్రం పెద్దవాళ్ళు రామములగ అన్నారు. ములగంటే మన చేలగట్ల మీది నేలములక, వంగకి స్వయానా దాయాది. అక్కడ మొక్కని చూసి పేరు పెట్టారు, మిరపకి నాలుకనే నమ్ముకున్నారు.

'మిర్చి' హిందీ మాట, అదీ మరిచం సంతానమే, కాబట్టి తప్పని కొట్టెయ్యలేను. మిర్చి యార్డు, మిర్చి బజ్జీ స్థిరపడిపోయాయి, ఉండనివ్వండి. కానీ టీవీల్లో 'మిర్చి నారు', 'మిర్చి చేను' అంటుంటే ప్రాణం ఉసూరుమంటుంది. రైతు పోసేది మిరపనారు, వేసేది మిరపతోట. హోటళ్ళవాళ్ళు మెనూలో 'పండుమిర్చి చట్నీ' అని రాస్తున్నారు, గుంటూరులో కూర్చుని, దానికి కొరివికారం అనే చక్కటి పేరుండగా!