కన్ఫ్యూషియస్ కొడుకుని అడిగితే ఏం చెప్పాడు

ప్రశ్న: మావారు జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ లెక్చరర్. బాబు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. రోజూ రాత్రి తొమ్మిదింటికి డైనింగ్ టేబుల్ దగ్గర ఆయనే లెక్కలు చెప్తారు. పావుగంటలో అరుపులు మొదలు. మొన్న నోట్‌బుక్ విసిరేస్తే వాడు, "కాలేజీలో పిల్లలతో ఇలాగే మాట్లాడతారా నాన్నా?" అన్నాడు. అప్పట్నుంచి కంచం గదిలోకి తీసుకెళ్ళి తింటున్నాడు. తోటి మ్యాథ్స్ లెక్చరర్ గారి అమ్మాయి డౌట్లు అడగడానికి వస్తే మాత్రం మావారు ఎంతో ఓపికగా చెప్తారు. నేనేమైనా అంటే చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ పేరెత్తుతారు. తండ్రి మాట జవదాటరు కాబట్టే చైనా పైకొచ్చిందంటారు. ఆ పాతకాలపు మాటలు ఈ రోజుల్లో పనికొస్తాయా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: పనికొస్తాయమ్మా. అయితే మీవారు ఆ పెద్దాయన మాట సగమే విన్నారు.

కన్ఫ్యూషియస్ మాటల సంకలనంలో ఒక చిన్న ముచ్చట ఉంది. అంత గొప్ప గురువు సొంత కొడుక్కి ప్రత్యేకంగా ఏదో చెప్పే ఉంటాడని ఒక శిష్యుడికి అనుమానం వచ్చి, ఆ కొడుకునే అడిగాడు. అలాంటిదేమీ లేదన్నాడతను. "ఒకరోజు నాన్న ఒక్కరే నిలబడి ఉంటే నేను ముంగిట్లోంచి వెళ్తున్నాను. గీతాలు చదివావా అని అడిగారు. ఇంకా లేదన్నాను. అవి రాకపోతే నలుగురిలో మాట్లాడటం రాదన్నారు. వెళ్ళి చదువుకున్నాను. ఇంకో రోజు అలాగే మర్యాదల గురించి అడిగారు. అంతే, ఈ రెండే." శిష్యుడు సంబరపడిపోయాడు. అడిగింది ఒకటి, తెలిసింది మూడు అన్నాడు. ఆ మూడోది, పెద్దమనిషి సొంత కొడుకుని కాస్త ఎడంగా ఉంచుతాడని.

ఆయన తర్వాత దాదాపు వందేళ్ళకు పుట్టిన, ఆయన బాటలోనే నడిచిన మెన్షియస్ అనే తత్వవేత్త ఇంకా సూటిగా చెప్పాడు. పెద్దలు తమ కొడుకులకు తామే ఎందుకు చదువు చెప్పరని శిష్యుడు అడిగితే, అది కుదరదన్నాడు. నేర్పేవాడు సరిగ్గా చేయమంటాడు. కొడుకు చేయకపోతే కోపం వస్తుంది. అప్పుడు కొడుకు, "నాకు మంచి చెప్తారు, మీరు మాత్రం అలా ఉండరు" అనుకుంటాడు. ఇద్దరి మనసులూ విరుగుతాయి. అందుకే పూర్వం వాళ్ళు పిల్లల్ని మార్చుకుని చదువు చెప్పేవారట. మొన్న మీవారు నోట్‌బుక్ విసిరినప్పుడు మీ బాబు అన్న మాట ఒకసారి గుర్తు చేసుకోండి. రెండు వేల మూడు వందల ఏళ్ళ కిందటి మాట మీ డైనింగ్ టేబుల్ మీదికి వచ్చింది. నాకైతే చదువుతుంటే గుండె కలుక్కుమంది.

మార్చుకోవడానికి మనిషి కూడా మీ ఎదురుగానే ఉన్నాడు. ఆ లెక్చరర్ గారి అమ్మాయికి మీవారు చెప్పాలి, మీ బాబుకి ఆ లెక్చరర్ గారు చెప్పాలి. మీవారికి ఓపిక లేదనుకోవద్దు. కన్నకొడుకు లెక్క తప్పితే వాడి భవిష్యత్తంతా కళ్ళ ముందు తిరుగుతుంది, ఆ భయమే కోపంగా బయటికొస్తుంది. పరాయి పిల్ల దగ్గర ఆ టెన్షన్ ఉండదు. ఈ మాట ఆయనతో ఇలాగే చెప్పండి. గొడవైన రాత్రి కాదు, బాబు వినేలా అసలు వద్దు.

అలాగని పూర్తిగా వదిలేయమనడం లేదు. మెన్షియస్ చెప్పిన కథే మరొకటుంది. ఒక రైతు తన మొక్కలు త్వరగా ఎదగడం లేదని ఒక్కొక్కదాన్నీ పైకి లాగాడు. మన నారు పీకి నాట్లు వేయడం లాంటిది కాదు, పాతుకున్న మొక్కనే లాగడం. ఇంటికొచ్చి, "మొక్కలు ఎదగడానికి సాయం చేసి అలసిపోయాను" అన్నాడు. కొడుకు పరిగెత్తుకెళ్ళి చూస్తే అన్నీ వాడిపోయి ఉన్నాయి. పట్టించుకోకుండా కలుపు తీయనివాడినీ మెన్షియస్ అక్కడే తప్పుపట్టాడు. బాబు వేళకి నిద్రపోతున్నాడా, ఫోన్ ఎంతసేపు చూస్తున్నాడు, ఇవి మీవారు చూసుకోవలసినవే.

ఇక తండ్రికి ఎదురు చెప్పకూడదన్న సంగతి. తండ్రి చెప్పినదల్లా వినడమే పితృభక్తా అని అడిగితే, "అదేం మాట!" అని కన్ఫ్యూషియస్ మందలించినట్టు పితృభక్తి మీద ఉన్న ప్రాచీన గ్రంథంలోనే ఉంది. తప్పుదారిన పోయే తండ్రిని ఆపే కొడుకు ఉండాలన్నాడు. మీవారికి ఆ భాగం కూడా చదివి వినిపించండి.

బాబు తిండీ నిద్రా మానేసినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా ఒక్కరోజు కూడా ఆగొద్దు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, లేదా టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి.

రేపటి నుంచి తొమ్మిదింటికి ఆ టేబుల్ మీద పుస్తకం ఉండకూడదు. మీవారిని అన్నానికి అక్కడే కూర్చోమనండి, మార్కుల మాట ఎత్తొద్దనండి. మొదటి వారం బాబు కంచం గదిలోకి తీసుకెళ్తే ఆపకండి. నాన్న నిజంగా అన్నం తినడానికే కూర్చున్నారని వాడికి నమ్మకం కుదరడానికి కొన్ని రోజులు పడుతుంది.