నాలుగేళ్ళ తర్వాత ఒక "ఊ"

ప్రశ్న: మాటలు మానేసిన బంధువులని కరుణతో మాట్లాడటం, అందరూ కలిసి కథ అల్లడం లాంటి పద్ధతులతో మళ్ళీ కలపొచ్చా?

కలపొచ్చు. కాకపోతే వరస తిరగెయ్యాలి. ముందు కథ, కరుణ సంగతి తర్వాత. మాట్లాడుకోనివాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టి "మీ మనసులో ఏముందో చెప్పండి" అంటే చెప్పులు వెతుక్కుంటారు.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా మా వీధిలో చాలా ఇళ్ళల్లో తెలుగే. మా పెదనాన్న, చిన్నాన్నల పెరళ్ళ మధ్య ఒక పనసచెట్టు ఉండేది. ఆకులు ఎవరి నూతిలో రాలుతున్నాయి, కాయలు ఎవరివి అనే దగ్గర మొదలై నాలుగేళ్ళు మాటల్లేవు. పెళ్ళి భోజనాల్లో కూడా ఒకరున్న బంతిలో రెండోవారు కూర్చునేవారు కాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలికి పనసచెట్టు వేళ్ళతో సహా లేచి, చెరి సగం ఇద్దరి గోడల మీదా పడింది. ఏ పెద్దమనిషీ చెయ్యలేని పంపకం అది.

వారం పైగా కరెంటు లేదు. ఫోన్లు చచ్చాయి (అదే మా అదృష్టమని ఇప్పటికీ అంటాను). దసరా రోజులు, పందిళ్ళు కూడా లేచిపోయాయి. సాయంత్రమైతే అందరూ మా అరుగు మీదకే చేరేవారు. ఒకటే లాంతరు. ఆ మూల పెదనాన్న, ఈ మూల చిన్నాన్న, మధ్యలో పక్కింటి ఒరియా మావుసి (పిన్ని అన్నమాట), గోల పెట్టే గుంటలు ఏడెనిమిదిమంది. వాళ్ళ గోల ఆపడానికి మామ్మ ఏడు చేపల కథ ఎత్తుకుంది. ఎండని చేప దగ్గర ఆగి, "ఇంక మీరు సెప్పండి, సేప ఎందుకెండలేదో. గడ్డిమోపని సెప్పకండి, అది నాకూ తెలుసు" అంది.

ఒక గుంటడు తుపానొచ్చిందన్నాడు. ఇంకో పిల్ల, చెట్టు అడ్డం పడిందంది. చెట్టుకి చలేసి ఎవరింట్లోకో దూరబోయిందని మావుసి ఒరియాలో కలిపింది, మా చెల్లి తెలుగు చేసింది. చిన్నాన్న వంతొచ్చింది. లాంతరు వత్తి ఎక్కిస్తూ, దింపుతూ చాలాసేపు ఊరుకున్నాడు. "ఆ చెట్టుకి ఇద్దరన్నదమ్ములు నీళ్ళు పోసీవోరంట. తరవాత ఎవడి పంతం ఆడిది. ఇద్దరూ మానీసారు. వేరు కుళ్ళిపోనాది, అందుకే పడిపోనాది" అన్నాడు.

అరుగంతా నిశ్శబ్దం. ఆ మూల చీకట్లోంచి పెదనాన్న "ఊ" అన్నాడు.

కథ చెప్పేవాడు ఆగితే ఊ కొట్టాలి కదా. ఆయన ఊ కొట్టింది కథకి, తమ్ముడికి కాదు. అలా అనుకునే వీలుంది కాబట్టే కొట్టగలిగాడు. మర్నాడు ఒకే రంపం చెరోవైపు పట్టుకుని చెట్టు కోశారు. "లాగు", "ఆగు", అంతే మాటలు.

నిరుడు మా ఆఫీసువాళ్ళు ఈ కరుణతో మాట్లాడటం నేర్పే శిక్షణకి పంపారు. మార్షల్ రోజెన్‌బర్గ్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1960లలో మొదలుపెట్టిన పద్ధతి. చూసింది చూసినట్టు చెప్పు, నీకేమనిపించిందో చెప్పు, నీకేం కావాలో చెప్పు, ఆ తర్వాత ఫలానాది చెయ్యమని అడుగు. మంచిదే. "నువ్వెప్పుడూ ఇంతే" అనకుండా "నిన్న నూతిలో ఆకులు పడ్డాయి" అనడం మావాళ్ళకి ముందే వచ్చుంటే గొడవ అంత ముదిరేది కాదు. కానీ మాచేత వల్లె వేయించిన తెలుగు చూడండి: "మీ ప్రవర్తన వలన నాకు అసౌకర్యము కలుగుచున్నది." ఇలా మాట్లాడితే మా చిన్నాన్న కోర్టు నోటీసనుకుంటాడు! గిడుగు రామమూర్తి పంతులుగారు పిల్లలకి పాఠాలు చెప్పిన ఊరు ఇది. జనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడిన మనిషి. పక్క కొండల్లోని సవరల మాట నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూడా రాశారు. కరుణతో మాట్లాడటమంటే నా లెక్కలో అదీ, ఎదుటివాడి మాట నేర్చుకోవడం.

సరే, మీ ఇంట్లో చేస్తారా? ఫోన్లు లోపల పెట్టించండి. కథ ముసలివాళ్ళో పిల్లలో మొదలుపెట్టాలి, మధ్యవర్తి కాదు. కథలో అసలు పేర్లు రానివ్వకండి. ఎవరైనా వంకరగా కలిపినా దిద్దకండి.

మావాళ్ళు బాగానే ఉన్నారు. ఆ పనసకాయలన్నీ తనవేనని పెదనాన్న ఇప్పటికీ అంటాడు. చెట్టే లేదు. చిన్నాన్న ఊ కొడతాడు.