వేలు పడని అవ్వలను గూడ లెక్కల వెయ్యి కోడలా

కోడలా,

నువ్వు పంపిన రీసెర్చ్ ప్రపోజల్ నిన్న రాత్రి రెండుసార్లు చదివిన. దొంగ వేలిముద్రను పట్టుకునే నీ పద్ధతి సగం నాకు ఎక్కలే, ఎక్కిన సగం మాత్రం మస్తున్నది. కాని ఆఖరి పేజీల "సమాజంపై ప్రభావం" అని పెట్టి నాలుగు లైన్లు రాసినవ్ చూడు, మోసాలు తగ్గుతయి, డిజిటల్ లావాదేవీల మీద జనానికి నమ్మకం పెరుగుతది అని, అవి కొట్టెయ్యి. అబద్ధమని కాదు, ఆ నాలుగు లైన్లు ఎవ్వల ప్రపోజల్ కింద అతికిచ్చినా అతుకుతయి, అందుకు. 31 ఏండ్లు బ్యాంకుల చేసిన, అండ్ల ఆఖరి పదేండ్లు కంప్యూటర్ సెక్షన్ల, ఇసొంటి లైన్లు నేను గూడ శానా రాసిన.

నా పాపమే ముందు చెప్త. ఊర్లల్ల మైక్రో ఏటీఎంలు, అంటె వేలిముద్ర పెడితె ఖాతాల పైసలిచ్చే చిన్న మిషన్లు, కొత్తగ వచ్చినప్పుడు నేనొక రూల్ పెట్టిపిచ్చిన, వేలిముద్ర మూడుసార్లు తప్పు పడితె ఆ ఖాతా ఆ రోజుకు బంద్, దొంగోడు ట్రై మీద ట్రై కొట్టకుండ అన్నట్టు. మూడు నెలలకు ఫిర్యాదులు తగ్గినయని రిపోర్ట్ రాసిన, పైన మెచ్చుకున్నరు గూడ. తర్వాత ఒకనాడు చందంపేట దిక్కు పోయి, బ్యాంకు తరపున పైసలిచ్చే కస్టమర్ పాయింట్ కాడ ఊకెనే కూసున్న. తండా నుంచి ఒక అవ్వ వచ్చింది, ఆ నెలల అది నాలుగోసారి రావుడంట, పత్తి ఏరి ఏరి వేళ్ల మీద గీతలే లెవ్వు. మరి ఫిర్యాదు ఎందుకు చెయ్యలేదమ్మా అంటె "ఎవలకు చెయ్యాలె సారూ, వేలు నాదే గదా" అన్నది. నా రిపోర్ట్‌ల ఫిర్యాదులు ఎట్ల తగ్గినయో నాకు అప్పుడు సమజైంది.

ఇగ నీ టేబుల్‌కు వస్త. నిజమైన మనిషిని దొంగ అని తోసేసే రేటు 2 శాతం అని రాసినవ్, తక్కువే అన్నవ్. లెక్క చేద్దాం. ఆ 2 శాతం అందరి మీద సమానంగ పడితె ఫికరే లేదు, ఒకసారి పడకుంటె ఇంకోసారి పడ్తది, మూడుసార్లూ పడకపోవుడు పది లక్షల మందిల ఎనిమిది మందికి. కాని అట్ల పడదు బిడ్డా. వెయ్యి మంది ఉన్న ఊర్ల ఆ 20 మంది ఎప్పుడూ ఆ 20 మందే. సున్నం సిమెంటు కలిపినోళ్లు, పత్తి ఏరినోళ్లు, డెబ్బై దాటినోళ్లు. పాలమూరు నుంచి బొంబాయి, హైదరాబాద్ పోయి ముప్పై ఏండ్లు బిల్డింగులు కట్టి మళ్ల ఊరికి వచ్చిన ముసలోడు మూడుసార్లు కాదు ముప్పైసార్లు పెట్టినా మిషన్ తీస్కోదు. నువ్వు రాసిన సగటుల ఆయన కనవడడు. నువ్వు పరీక్షకు జమచేసిన డేటాసెట్‌ల వేళ్లు ఎవ్వలయి? క్యాంపస్ పిల్లలయి గదా, కీబోర్డ్ తప్ప ఇంకోటి ముట్టని వేళ్లు.

అందుకని పేపర్‌ల ఒకటే నంబర్ ఇయ్యకు. వయసు వారీగ, పని వారీగ విడగొట్టి ఇయ్యి. థ్రెషోల్డ్, అంటె మిషన్ ఒప్పుకునే హద్దు, బిగిస్తె దొంగలు ఎంతమంది ఎక్కువ దొరుకుతరో, దాంతోని నిజమైనోళ్లు ఎంతమంది ఎనక్కి పోతరో రెండూ పక్కపక్కన పెట్టు. ఎనక్కి పోయిన మనిషికి ఏమైతదో గూడ రాయి, ఓటీపీ ఉన్నదా, ముఖం చూసి తీసుకుంటరా, డీలర్ రిజిస్టర్‌ల సంతకం పెట్టిపిచ్చుకోని బియ్యం ఇస్తడా. ఓటీపీ అన్నరంటె ఫోన్ ఎవ్వల చేతుల ఉంటదో గది గూడ అడుగు, ఎక్కువసార్లు కొడుకు జేబుల ఉంటది, ఆ కొడుకు హైదరాబాద్‌ల ఉంటడు. 2016 రూపాయల పింఛన్ కోసం ఎవలన్నా కైకిలి ఇడిసిపెట్టి రెండుసార్లు తిరిగిన్రంటె ఆ కూలి పైసలు గూడ నీ లెక్కలకే వస్తయి.

ఇంకోటి, నువ్వు ఆపుతున్న మోసం అసలు యాడ మొదలైతుందో ఎనక్కి పోయి చూసినవా? 2018ల మన తెలంగాణలనే ఒకడు దొరికిండు, వెబ్‌సైట్‌ల పెట్టిన భూమి రిజిస్ట్రేషన్ కాయితాల మీది వేలిముద్రలు తీసుకోని, రబ్బర్ స్టాంపుల లెక్క నకలు చేసి, వేల సిమ్‌కార్డులు ఆన్ చేసిండు. ఆ కేసుల తాళం సెన్సర్ కాడ ఇరగలే, కాయితం కాడ ఇరిగింది. ఆన్‌లైన్‌ల ముద్ర కనవడకుండ మూసేస్తె అయిపోయే పనికి ఊరూరా కొత్త మిషన్లు పెట్టాల్నా అని నిన్ను ఎవలన్నా అడుగుతరు, అడగాలె గూడ. నీ పద్ధతి లేకున్నా ఆ మోసం ఎంతవరకు ఆగుతదో చెప్పి, నీది పెడితె దాని మీద ఇంకెంత ఆగుతదో గదే నీ ఖాతాల రాసుకో. మన వేలిముద్ర వేరేటోళ్లు వాడకుండ ఆధార్‌ల బయోమెట్రిక్ లాక్ చేసుకునే సౌలత్ ఎప్పటి నుంచో ఉన్నది, మా వీధిల ఎంతమంది చేసుకున్నరో అడిగితె నవ్వుతవ్, నాకు తెలిసి నేనూ మీ అత్త.

దొంగ వేళ్లు ఎట్ల పోసినవో వంట చెప్పినట్టు చెప్పినవ్ మూడో భాగంల, అది నాకు భయమైంది. కొత్త ముచ్చటేం కాదు, 2002లనే జపాన్‌ల మత్సుమోతో అనే ప్రొఫెసర్ జెలటిన్ వేళ్లతోని సెన్సర్లను బోల్తా కొట్టించిండు, నాకు తెల్సు. అయినా ఇయ్యాల మన ఊర్లల్ల నడుస్తున్న మిషన్ మీద, ఏ పదార్థం ఎంత సేపు ఆరబెట్టాలె దాక రాయాల్సిన పని లేదు. ముందు మిషన్ చేసినోళ్లకు, సర్ట్-ఇన్ అనే సర్కారు సైబర్ భద్రత సంస్థకు చెప్పు, టైం ఇయ్యి. లోపం బయటపెట్టే ముందు 90 రోజులు ఆగుడు అని ఒక అలవాటు ఉన్నది గాని అది సాఫ్ట్‌వేర్ కంపెనీలకు నడుస్తది, కస్టమర్ పాయింట్ పిలగాడు సొంత పైసలు పెట్టి కొన్న స్కానర్ 90 రోజులల్ల మారుతదా? కంప్యూటర్లకు తాళమేసి పైసలడిగిన వానాక్రై వైరస్ యాదికున్నదా, మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలనే ప్యాచ్, అంటె లోపం సరిచేసే అప్‌డేట్, ఇచ్చింది, మేల బ్రిటన్ ఆసుపత్రులల్ల కంప్యూటర్లు బందయి అపాయింట్‌మెంట్లు క్యాన్సల్ చేసిన్రు. పైగా అది అమెరికా గూఢచారి సంస్థ ఎన్ఎస్ఏ వాళ్లు తయారుచేసి దాచుకున్న ఆయుధం లీకయ్యి వచ్చిన తంటా. మందు తయారయ్యిందంటె రోగి మింగిండని కాదు గదా.

కేసుల సంగతి తొందరగ చెప్త. పర్మిషన్ లేకుండ ఎవ్వల సిస్టంనూ ముట్టకు, చదువుకోసమే అన్నా సరే, మోసం చేద్దామనే చేసినవని తేలితె ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేండ్ల దాక జైలు ఉన్నది. మనుషుల మీద ప్రయోగం అయితె వాళ్లను అడగాలె. అమెరికాల మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు చెప్పకుండ, అందరు కలిసి రాసే లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ల తప్పుడు ప్యాచ్‌లు పంపి పరీక్ష పెట్టిన్రు, 2021ల లైనక్సోళ్లు మొత్తం యూనివర్సిటీనే బ్యాన్ చేసిన్రు, ఏం తెల్వని పోరగాళ్ల పనులు గూడ ఆగినయి.

మన నల్గొండ పేరు మీద ఒక టెక్నిక్ ఉన్నది తెల్సా నీకు? నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసుటానికి పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియతిప్పి, మడ్డి అడుక్కు దిగినంక మీది తేట నీళ్లు తాగుడు. నాగపూర్ నీరి సంస్థ వాళ్లు 1970లల్ల కనుక్కున్నరు, పుస్తకాలల్లకు ఎక్కింది, వేరే దేశాలకు గూడ పోయింది. ల్యాబుల మంచిగనే పనిచేస్తది. కాని పటిక ఎంత వెయ్యాల్నో నీళ్లను బట్టి మారుతది, ఆ లెక్క రోజూ ఎవలు చెయ్యాలె, మడ్డి యాడ పారబొయ్యాలె, పటిక అయిపోతె ఎవలు తేవాలె? ఇంటికాడ పొద్దుగాల లేచి కైకిలికి పోయే ఆడామె. మా చిన్నమ్మోళ్ల ఊర్ల కొన్ని రోజులు కలిపిన్రు, తర్వాత బకెట్ బకెట్‌నే ఉన్నది, మళ్ల బోరు నీళ్లే తాగిన్రు, బొక్కలు వంకరపోయిన పిల్లలు మా క్లాస్‌ల నా పక్కనే కూసునేటోళ్లు. ఆ టెక్నిక్ తప్పని నేను అంటలేను, కనుక్కున్నోళ్లను తిడ్తలేను. ఎంత ఫ్లోరైడ్ తీసిందో కొలిచినోళ్లు ఉన్నరు, ఆరు నెలలకు ఎన్ని ఇండ్లల్ల ఇంకా కలుపుతున్నరో పోయి చూసినోళ్లను మాత్రం నేను చూడలే. నీ సాఫ్ట్‌వేర్‌కు గూడ ఆ ఆరు నెలలది ఒక లైన్ పెట్టు, దానికి పైసలు గూడ ప్రపోజల్‌లనే అడుగు, తర్వాత అడిగితె ఇయ్యరు.

వచ్చే నెల మొదట్ల కంట్రోల్ దుకాణం తెరుస్తరు, అప్పుడు రా. ఎంజీబీఎస్‌ల దేవరకొండ బస్ ఎక్కు, పొద్దుగాల మొదటి బస్సే పట్టు, డీలర్‌తోని నేను ముందే మాట్లాడి పెడ్త. మిషన్, స్కానర్ ఏం తేకు, ఎవ్వల వేలిముద్రా తీసుకోకు, పేర్లు గూడ రాసుకోకు. నోట్‌బుక్ ఒక్కటి తే. ఎన్నోసారికి వేలు పడ్డది, పడనోళ్లు ఏం పని చేస్తరు, ఎనక్కి పోయినోళ్లు మళ్ల ఎప్పుడొస్తమన్నరు, గీ మూడే రాయి, అదీ వాళ్లు సరే అంటెనే. మధ్యాహ్నం దాక కూసుంటె చాలు, అన్నం మీ అత్త వండుతది.

మీ మామ,
దేవరకొండ